మౌసి ఇంట్లో పదమూడు నెలలు

“ఇదేటి తెలుగమ్మా, ఏ వూరిది?”

ఒడిశాలోని బరంపురంలో నాతో తెలుగులో మాట్లాడిన మొదటి మనిషి అడిగిన మొదటి ప్రశ్న ఇది. అడిగింది ఒడియా ఆవిడ. నాది నంద్యాల. నలభై ఏళ్ళుగా తెలుగులోనే తిట్టి, తెలుగులోనే తిట్లు తిన్నదాన్ని. “గది ఖాళీగా ఉండాదని చెప్తే వచ్చినానండీ” అన్నాను, అంతే. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఆ ముక్క మళ్ళీ ఒకసారి చెప్పించుకుని, పడీపడీ నవ్వి లోపలికి రమ్మంది.

ఆవిడ పుట్టింది ఇచ్ఛాపురంలో. ఆంధ్రకు చిట్టచివరి ఊరు అది, బరంపురానికి పాతిక కిలోమీటర్లు ఉంటుంది. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు మీడియం. పెళ్ళయి ఇక్కడికి వచ్చింది. వాళ్ళ మేడ మీద అద్దెకున్న కుటుంబం దీన్ని తిరగేసిన రకం. మూడు తరాలుగా బరంపురంలో ఉంటున్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే, బడి మాత్రం ఒడియా. తెలుగు చదవడం ఒక్కరికీ రాదు. శ్రీకాకుళం నుంచి వాళ్ళకు పెళ్ళి శుభలేఖ వస్తే కింద ఉన్న ఒడియా ఆవిడ చదివి చెప్పాలి! 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడ్డప్పుడు బరంపురం అటు, ఇచ్ఛాపురం ఇటు పడ్డాయి. “గీత గీసినోళ్ళు మా అమ్మనీ నాన్ననీ అడగలేదు కదా” అంటుంది ఆవిడ.

నేను బ్యాంకులో పనిచేస్తాను. 2022లో ప్రమోషన్ వచ్చింది, వెంటే ఒడిశాకు వేశారు. రెండేళ్ళు అన్నారు, ముందే తిరిగి రావచ్చు అని కూడా అన్నారు. ఆ ‘రావచ్చు’కు అర్థమేమిటో బ్యాంకుల్లో చేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా ఆయన ఉద్యోగం నంద్యాలలో, బాబు తొమ్మిదో తరగతి, కాబట్టి నేనొక్కదాన్నే బయల్దేరాను. ఒకటే సుఖం, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నంద్యాలలో ఎక్కితే ఎక్కడా మారకుండా బరంపురంలో దిగొచ్చు. రాత్రి ఎక్కి, గుంటూరూ బెజవాడా నిద్రలో దాటేసి, మర్నాడు పగలంతా కిటికీ పక్కన కూర్చుంటే సాయంత్రానికి బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. నవంబరు 6, ఆదివారం దిగాను.

పది రోజులు లాడ్జిలో ఉన్నాను. ఇళ్ళ కోసం తిరిగిన సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని ఏ ఊళ్ళోనైనా ఏమేం అడుగుతారో ఇక్కడా అవే అడిగారు. ఒక చోట అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. మర్నాడు ఫోన్ చేసి, మా అబ్బాయి ఒప్పుకోలేదన్నారు. సగమే తిరిగొచ్చింది. ఆ మిగతా సగం కోసం ఇంకో నాలుగుసార్లు ఫోన్ చేసి వదిలేశాను. అప్పుడు మా బ్రాంచిలో క్లర్కు ఒకాయన, “మా అత్త ఇంట్లో వెనక గది ఉంది మేడమ్. ఎవరికీ ఇవ్వదు. మీరు తెలుగులో అడిగి చూడండి” అన్నాడు. అడిగాను. ఆ నవ్వుతో గది దొరికింది.

ఆవిణ్ణి పేరు పెట్టి పిలవలేను, ఆంటీ అంటే ఒప్పుకోలేదు. “మౌసి అను” అంది. మౌసి అంటే పిన్ని. ఆయన మౌసా, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడు. నాకు ఒడియా అర్థం కాదు. మొదటి రెండు నెలలూ ఆయన ఒడియాలో అడిగితే నేను తెలుగులో జవాబిచ్చేదాన్ని. ఇద్దరం ఎదుటివాళ్ళు చెప్పింది అర్థమైనట్టే తలూపేవాళ్ళం. కూతురు సంబల్‌పూర్‌లో, కొడుకు బెంగళూరులో.

సామాను దించింది బుధవారం. మర్నాడు లేచి చూస్తే వీధి గుమ్మం నుంచి దేవుడి మూల దాకా నేల మీద తెల్లటి చిన్న చిన్న పాదాలు. నానబెట్టిన బియ్యం రుబ్బి వేలితో వేసినవి. దేవుడి దగ్గర పీట మీద, కొత్త వడ్లు పైకి కుప్పగా నింపిన ఒక కొలపాత్ర. దాన్ని మాణ అంటారు, మన మానిక లాంటిది. పూజ పేరు మాణబసా. మార్గశిరంలో ప్రతి గురువారం లక్ష్మీదేవికి చేస్తారు. మన పంచాంగంలో ఇంకా కార్తీకమే నడుస్తోంది కదా అని నేను వేళ్ళు లెక్కపెట్టుకుంటుంటే మౌసి చెప్పింది, వీళ్ళ నెల పున్నమి మర్నాటి నుంచే మొదలవుతుందట. “మా సికాకోళపోళ్ళు గురువారాన్ని లచ్చివారం అంటారు, తెలీదేటి?” అని కూడా అడిగింది. తెలీదు. మేము బేస్తవారం అంటాం. దానికి మళ్ళీ నవ్వింది.

పూజయ్యాక మౌసాకు ప్రసాదం పెట్టింది, తనూ తింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. మౌసి కొంచెం ఇబ్బంది పడుతూ అంది: “ఏటనుకోకమ్మా. ఇది బయటోళ్ళకి పెట్టకూడదు. లచ్చిమి ఆళ్ళతో ఎలిపోద్ది.” నాకోసం వేరేగా పాయసం వండింది. విస్తరి వేసి కూర్చోబెట్టి వడ్డించింది. పాయసం బాగుంది. అయినా ఎక్కడో చివుక్కుమంది. వచ్చి ఒక్క రాత్రే అయింది, బయటదాన్ని కాక ఇంకేమవుతాను? తెలిసీ చివుక్కుమంది.

ఆదరించకపోతే ఎలా నెగ్గుకురావాలో అందరూ చెప్తారు. మరీ ఆదరిస్తే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. గదికి మాత్రమే అద్దె మాట్లాడుకున్నాం. నేను ఇండక్షన్ స్టవ్ కొనుక్కున్నాను, బియ్యం తెచ్చుకున్నాను. ఆ స్టవ్ మీద పాలు తప్ప ఏదీ కాగలేదు. పొద్దున తలుపు తీసేసరికి టిఫిను, రాత్రి వచ్చేసరికి మూతపెట్టిన కంచం. పైగా నేను వచ్చేదాకా ఇద్దరూ తినరు. డెబ్బై దాటిన వాళ్ళు, రాత్రి ఎనిమిదిన్నర దాకా నాకోసం కూర్చుంటారు. ఒకరోజు బ్రాంచిలో వాళ్ళతో బజారులో మసాలా దోసె తిన్నాను. బరంపురంలో దోసె, ఇడ్లీ మన ఊళ్ళో కంటే తక్కువేం కాదు. ఇంటికొస్తే మౌసి కంచం ముందు కూర్చుని ఉంది. తిన్నానని చెప్పే ధైర్యం చాలక మళ్ళీ తిన్నాను. ఆ రాత్రంతా కడుపు పట్టుకుని గదిలో పచార్లు చేశాను. పొద్దున్నే తలుపు కొట్టి, “రాతిరి నిద్దర్లేదేటి, లైటు ఎలిగింది?” అంది. తలుపు కొట్టడమంటే గుర్తొచ్చింది, ఆ ఇంట్లో తలుపు మూసుకోవడం అంటే ఒంట్లో బాగోలేదనే అర్థం. ఇంటికి ఫోన్ చేసుకుంటూ కాసేపు మూస్తే టీ పట్టుకుని వచ్చేస్తుంది. మా ఆయనతో పోట్లాడుకోవడానికి నేను మేడెక్కేదాన్ని.

తిండికి డబ్బిస్తానంటే కోపగించుకుంది. కూరగాయలు తెస్తే, “మా ఇంట్ల కూరల్లేవేటి?” అంది. చివరికి ఒక నెల రెండు వేలు బియ్యం డబ్బా కింద పెట్టేసి వెళ్ళిపోయాను. సాయంత్రం మౌసా పిలిచి కాగితం ఒకటి చేతికిచ్చాడు. పైన తేదీ, కింద ఒడియాలో రెండు లైన్లు, దాని కింద అదే ఇంగ్లీషులో. అద్దెకు మించి పొరపాటున అందిన 2000 రూపాయలు తిరిగి ఇవ్వడమైనది, అందినట్టు సంతకం చెయ్యవలెను. పెన్ను కూడా మూత తీసి ఇచ్చాడు. రోజంతా జనంతో సంతకాలు పెట్టించుకునే దాన్ని, తలొంచుకుని పెట్టాను.

జనవరిలో ఒక శనివారం రాత్రి కంచం కడుగుతుంటే మౌసి వెనక నుంచి అంది, “రేపు బడి పెట్టాలి. ఐదింటికి లెగు.” రమ్మని అడగలేదు, లెగమంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బడి అంటే మన వడియాలే. పొట్టు తీసిన మినప్పప్పు నానబెట్టి రుబ్బి, బూడిద గుమ్మడికాయ కోరి నీళ్ళు పిండేసి కలుపుతారు. మేడ మీద చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పై వాటా వదిన కూడా వచ్చింది. వాళ్ళు ఇంట్లో అప్పడాలూ పచ్చళ్ళూ చేసి అమ్ముతారు. బరంపురం అప్పడమూ పచ్చడీ అంటే ఒడిశా అంతా పేరు, ఆ చేతులన్నీ చాలావరకు మనవాళ్ళవే. పిండి గిలకొట్టే పని నాకిచ్చారు. చేత్తో ఒకే వైపుకు, గిన్నె అంచు నుంచి లోపలికి, ఆపకుండా గిలకొట్టాలి. పావుగంటకే భుజం లాగేసింది. “అయిపోయింది మౌసీ” అన్నాను. ఆవిడ గ్లాసుడు నీళ్ళు తెచ్చి, వేలితో చిటికెడు పిండి అందులో వేసింది. అది నేరుగా అడుక్కు పోయి కూర్చుంది. “అవలేదు” అంది. మళ్ళీ పది నిమిషాలు. ఈసారి సగం దాకా మునిగి ఆగింది. మూడోసారి పిండి తెల్లబడి, నురగలా ఉబ్బి, చేతికి బరువు తెలియకుండా అయింది. గ్లాసులో వేస్తే పైన తేలింది. “ఇప్పుడు అయింది” అంటూ చాప మీద తడి గుడ్డ పరిచి, నా చేతికే పిండి ఇచ్చి పెట్టమంది. నేను పెట్టినవన్నీ ఒక్కోటీ ఒక్కో సైజు. వదిన చూసి, “ఈటిని మనమే తినీయాలి, అమ్మలేం” అంది.

ఆ రోజు నుంచి పనులు చెప్పడం మొదలైంది. మౌసికి కంటిలో శుక్లం. అందుకని పై వాటావాళ్ళ శుభలేఖలు చదివే డ్యూటీ నాకు బదిలీ అయింది. ఏప్రిల్‌లో ఆపరేషన్ అయ్యాక చుక్కలు వెయ్యడం నాదే. తినే వచ్చానని చెప్పడం కూడా నేర్చుకున్నాను. ఐదింటికల్లా ఫోన్ చేసి “మీరు తినెయ్యండి” అంటే, “సరే” అని పెట్టేసేది. ఆ ‘సరే’ కోసం మూడు నెలలు పట్టింది. తిండి డబ్బు మాత్రం చివరిదాకా తీసుకోలేదు. ఎదురుగా ఇవ్వడం మానేసి నూనె డబ్బా, పప్పులు తెచ్చి మూల పెట్టేసేదాన్ని, చూసీ చూడనట్టు ఊరుకునేది. నూనె అంటే వేరుశనగ నూనె. ఆవనూనె వాసన నాకు ఆఖరి రోజు దాకా పడలేదు, ఇది నిజం చెప్పాలి. చేపల్లో ఆవ నూరి వేస్తే ఇల్లంతా కళ్ళు మండేవి. సోమవారం, గురువారం నీచు వండరు కాబట్టి ఆ రెండు రోజులు నాకు పండగ.

బియ్యం సంగతి కూడా అంతే. సోనా మసూరి పండే జిల్లా నుంచి వచ్చినదాన్ని, వీళ్ళ ఉసునా బియ్యం, అంటే ఉప్పుడు బియ్యం, లావుగా ఎర్రచాయలో గొంతు దిగేది కాదు. ఎండాకాలం వచ్చి పఖాళ మొదలయ్యాక గానీ దాని గొప్పదనం తెలియలేదు. వండిన అన్నం నీళ్ళలో నానబెట్టి, కాస్త పులిశాక, పక్కన వేయించిన కూరా, నలిపిన బడి పెట్టుకుని తింటారు. మన చద్దన్నమే. కానీ సోనా మసూరితో చేస్తే మెత్తగా జావైపోతుంది, ఉసునా అయితే ఏ మెతుక్కామెతుకు నిలబడుతుంది. నా బడులు, ఆ వంకర టింకరవి, వెల్లుల్లీ పచ్చిమిర్చీ వేసి నలిపితే సైజు ఎవడిక్కావాలి?

నేనూ ఏదో ఒకటి పెట్టాలని ఒక ఆదివారం ఉగ్గాని చేస్తానన్నాను. వీళ్ళు సాయంత్రం పూట ముఢి తింటారు, మన బొరుగులే కదా అని. కాదు. మా బొరుగులు నీళ్ళలో వేసి తీసి పిండినా రూపం చెడవు. వీళ్ళ ముఢి సన్నగా, పెళుసుగా ఉంటుంది. ఘుగుని, అంటే బఠాణీల కూర, పోసుకుని కరకరలాడుతుండగానే తినెయ్యాలి. నేను గిన్నెలో నీళ్ళు పోసి, పచ్చిమిర్చి తరిగి ఇటు తిరిగేసరికి అడుగున తెల్లటి ముద్ద మిగిలింది. పారెయ్యడానికి మనసొప్పక తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, బజ్జీలతో పెట్టేశాను. మౌసా నిదానంగా అంతా తిని, ఉప్మా బాగుందన్నాడు. తర్వాత మా ఆయన చేత నంద్యాల నుంచి బొరుగుల మూట తెప్పించాను. రైల్లో బొరుగుల మూటతో దిగిన మనిషిని చూసి మా క్లర్కు, “మేడమ్, ఒడిశాకు ముఢి తెచ్చారా!” అని రోజంతా నవ్వాడు.

మౌసా నాకు ఒడియా నేర్పాడు. పాత క్యాలెండరు కాగితాల వెనక అక్షరాలు రాసిచ్చి, రాత్రికి దిద్దుకురమ్మనేవాడు. గుండ్రంగా ఉంటాయి కాబట్టి మనకు సులువనుకుంటాం. ఆ గుండ్రదనమే చంపుతుంది. చాలావాటికి పైన గొడుగు ఒకటే, తేడా అంతా కింద ఉండే చిన్న మెలికలో ఉంటుంది. వాళ్ళ ‘ఠ’ అచ్చం మన సున్న. ‘ఠాకురాణి’ అని రాసి ఉన్న బోర్డును నేను ‘సున్నాకురాణి’ అని చదివితే పై వాటా పిల్లాడు వారం రోజులు నన్ను అలాగే పిలిచాడు. అంకెల్లో వాళ్ళ నాలుగు మనం రాసే 8లా ఉంటుంది. ఇది మాత్రం నవ్వులాట కాదు. ఒక పెద్దాయన విత్‌డ్రాయల్ స్లిప్పులో ఒడియా అంకెల్లో నాలుగు వేలు రాస్తే నేను ఎనిమిది వేలకు పాస్ చేయబోయాను. పక్కన అక్షరాల్లో ఉన్నది చూసి క్లర్కు ఆపాడు. తప్పు నాదే. అక్షరాలు చదవడం వచ్చేదాకా ఒడియా స్లిప్పులన్నీ అతనికి చూపించాకే సంతకం పెట్టాను.

మాటల్లోనూ ఇలాంటివే. ఒక ముసలాయన కౌంటరు దగ్గర కూలబడి “గోడొ, గోడొ” అంటున్నాడు. పాపం ఏదో గోడు చెప్పుకుంటున్నాడని, “చెప్పండి తాతా” అని కుర్చీ వేశాను. చాలాసేపు చెప్పాడు. “గోడొ బింధుఛి” అంటే కాలు నొప్పి అని! ఒడియాలో గోడొ అంటే కాలు. మెట్లెక్కలేకపోతున్నాను, కింద కౌంటరు పెట్టండి అని ఆయన బాధ. గోడేలెండి, అర్థం తప్పినా భావం తప్పలేదు. ఇంకోటి, వీళ్ళు అక్కను నాని అంటారు. పై వాటాలో చిన్నపిల్ల నన్ను “నానీ” అని పిలిస్తే నంద్యాలలో మా బాబు ముద్దుపేరుతో ఎవరు పిలుస్తున్నారా అని ఉలిక్కిపడేదాన్ని.

మౌసి ఆ గది ఎవరికీ ఎందుకిచ్చేది కాదో ఒకరోజు కరెంటు పోయినప్పుడు చెప్పింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గోపాల్‌పూర్ ఇక్కడికి పదహారు కిలోమీటర్లు. మేడ మీద రేకులు లేచిపోయాయి. పై వాటావాళ్ళు, పక్కింటివాళ్ళు, ఎవరో దారిన పోతూ ఆగిపోయిన భార్యాభర్తలు, అందరూ కలిపి పదకొండు మంది ఆ రాత్రి నేను పడుకునే గదిలో ఉన్నారట. గాలి విజిల్ వేస్తున్నట్టు కాదు, రైలు ఇంట్లోంచి పోతున్నట్టు ఉండిందట. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. అప్పటి నుంచి ఆ గది ఖాళీగా ఉంచాలని ఆవిడ లెక్క, ఎప్పుడెవరొస్తారో అని. “మరి నాకెందుకిచ్చినావు?” అంటే, “నీ తెలుగు ఇనడానికి” అంది. దీన్ని ఎంత నమ్మాలో నాకు తెలీదు.

2023 ఏప్రిల్‌లో ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకోసారి వస్తుంది. కోవిడ్ వల్ల అంతకుముందుది సరిగ్గా జరగలేదు కాబట్టి ఊరు ఊరంతా ఆకలి మీద ఉంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. ఆ పుట్టిల్లు దేశిబెహెరా వీధిలో. పట్టు నేసే డేరా కులపెద్దను దేశిబెహెరా అంటారు. ఆ నేతవాళ్ళ పూర్వీకులు ఎప్పుడో రాజమహేంద్రవరం వైపు నుంచి ఇక్కడి రాజు పిలిస్తే వచ్చినవాళ్ళని చెప్పుకుంటారు. బరంపురం పట్టుచీర అంచు మీద గుడి గోపురాల్లాంటి కుంభాలు ఉంటాయే, అది వాళ్ళ చెయ్యే. అంటే ఊరి దేవతకు పుట్టిల్లు, వలసొచ్చినవాళ్ళ ఇల్లు! ఆ వీధిలో అమ్మవారికి తాత్కాలికంగా గుడి కడతారు. మూడు వారాలు దాటి అక్కడే ఉంటుంది. రాత్రి పూట ఘటాలు తలకెత్తుకుని వీధులు తిరుగుతారు. మొక్కుకున్నవాళ్ళు పులివేషాలు, దేవుళ్ళ వేషాలు కడతారు. వీధి మలుపుల్లో పెద్ద పెద్ద బొమ్మలతో రథాలు నిలబెడతారు. రాత్రి రెండింటికి మౌసి నన్ను జనంలోంచి ఈడ్చుకుంటూ తీసుకెళ్ళింది, కంటి ఆపరేషన్ అయి పది రోజులు కూడా కాలేదు. నల్లద్దాలు పెట్టుకుని, నా మోచెయ్యి పట్టుకుని, దారి మాత్రం తనే చూపిస్తూ. డాక్టరు చెప్పింది గుర్తు చేస్తే, “అమ్మోరు రెండేళ్ళకోపాలి వత్తాది, డాక్టరు రోజూ ఉంటాడు” అంది.

జూన్‌లో రొజొ పండగ. భూదేవి బహిష్టయిందని మూడు రోజులు దుక్కి దున్నరు, నేల తవ్వరు. ఆడవాళ్ళు రుబ్బకూడదు, దంచకూడదు, వండకూడదు. నాలుగో రోజు భూదేవికి స్నానం. పండగ మొదలయ్యే ముందు రోజే మౌసి పొడొపిఠా కాల్చి పెట్టేసింది, కొబ్బరీ బెల్లమూ వేసి అడుగు నల్లగా మాడేదాకా కాల్చే రొట్టె. ఆ మాడే రుచి. ఆ మూడు రోజులూ వంట మౌసాది. హెడ్మాస్టరు గారు దాల్మా, అంటే కూరగాయలు వేసిన పప్పు, వండారు. ఉప్పు వెయ్యలేదు. ఎవరూ నోరెత్తలేదు. పెరట్లో మామిడిచెట్టుకు ఉయ్యాల కట్టి, పై వాటా పిల్లలూ వదినా మౌసీ వరసగా ఊగారు. మన అట్లతద్ది ఉయ్యాల లాగే. నన్ను కూర్చోమంటే, కొమ్మ విరుగుతుందేమోనని నా టెన్షన్. మౌసి నన్ను వెనక నుంచి తోసింది. బాబు అప్పుడు వచ్చి ఉన్నాడు. వాడు వీడియో తీసి నంద్యాలలో మా అత్తగారికి పంపేశాడు, నన్నడక్కుండా.

ఇంకా చెప్పాలంటే చాలా ఉంది. దసరాకు ఇంటికి వెళ్ళలేక ఏడ్చిన సంగతి, పై వాటా పిల్లలకు నేను తెలుగు అక్షరాలు నేర్పబోయి ‘అ ఆ’ల దగ్గరే ఆగిపోయిన సంగతి. అది నా ఓటమే. రోజూ సాయంత్రం అరగంట అనుకున్నాం. వాళ్ళకు ట్యూషన్లు, నాకు బ్రాంచిలో క్లోజింగులు. పెద్దవాడు తన పేరు రాయడం వరకు వచ్చాడు.

నవంబరు చివర్లో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది, నంద్యాలకు కాదు గానీ దగ్గరికే. రెండేళ్ళన్నది పదమూడు నెలలకే. మౌసికి చెప్తే, “మంచిదమ్మా, పిల్లోడు పదో తరగతి కదా” అని అక్కడి నుంచి లేచి వెళ్ళి గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. డిసెంబరు 16, శనివారం రైలు. సామాను కడుతుంటే ఇండక్షన్ స్టవ్ అట్టపెట్టెతో సహా కొత్తగానే ఉంది.

ఆ ముందు గురువారం మళ్ళీ మాణబసా. ఈసారి మన పంచాంగంలో కూడా మార్గశిరం వచ్చేసింది. తెల్లవారుజామున పిండి రుబ్బింది నేనే, పాదాలు వేసింది మౌసి. నేను వేస్తే బాతు పాదాల్లా వస్తున్నాయని లాక్కుంది. పూజయింది. మౌసాకు ప్రసాదం పెట్టి, తను కాస్త నోట్లో వేసుకుని, నా వైపు చూసింది.

“నీకు పెట్టకూడదే.”

“తెలుసు మౌసీ. బయటోళ్ళకు పెట్టరు కదా” అన్నాను.

“బయటోళ్ళేటి?” అంది విసుగ్గా. “అత్తోరింటికి ఎలిపోయే ఆడపిల్లకి పెట్టం. లచ్చిమి దాంతో ఎలిపోద్ది. సంబల్‌పూర్ నుంచి నా కూతురొచ్చినా అంతే, దానికీ పెట్టను.”

మౌసా ప్రసాదం నములుతూ అవునన్నట్టు తలూపాడు. నాకోసం వేరేగా వండిన పాయసం స్టవ్ మీద ఉందట. వెళ్ళి వడ్డించుకున్నాను.